నవ్వు ఎవరి వంతు

టీవీ బంద్ చేసింది రజిని ఒక్కతే. మాట బంద్ అయింది మాత్రం ఇంట్లో ముగ్గురికీ.

చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తున్న శివమ్మ చేతులు ఆపి కోడలి వైపు చూసింది. నరేందర్ పేపర్లోంచి తల ఎత్తలేదు. కానీ తార్నాకలోని ఆ సందులో టీవీ ఉన్నది వాళ్లొక్కరికే కాదు. ఎదురింట్లో, పక్కింట్లో, మేడమీద అద్దెకున్నవాళ్ల గదిలో ఒకే గొంతు పలికింది.

"రాజలింగం గారూ... నమస్కారం!"

వెంటనే నవ్వులు. హాలు నిండా జనం పగలబడి నవ్విన నవ్వులు. వాటికి తోడు ఎదురింటి ఆడవాళ్ల నవ్వులు.

"ఎందుకు బంద్ జేసినవ్?" అంది శివమ్మ.

"ఇంకా కడుపు నిండలేదా అత్తమ్మా మీకు?"

"సీరియల్ వస్తదని పెట్టిన. నడుమల వాళ్లు గదే ఏస్తే నేనేం జెయ్యాలె?"

"ఆ ముచ్చట వాళ్ల చేతిల పెట్టింది ఎవరు?"

శివమ్మ చిక్కుడుకాయ పుటుక్కున విరిచింది.

నిజానికి 'ఒకే గడప' పోటీకి అత్తాకోడళ్లు ఇద్దరూ ఇష్టపడే వెళ్లారు. కెరటం టీవీలో ప్రతి ఆదివారం వచ్చే పోటీ అది. అత్తలూ కోడళ్లూ జంటలుగా వచ్చి ఒకరి గురించి ఒకరు చెప్పాలి. ఏ జంటకు హాల్లో చప్పట్లు గట్టిగా పడితే ఆ జంట గెలిచినట్టు. పోయిన ఆదివారం యాంకర్ శశికిరణ్ మైకు తెచ్చి శివమ్మ నోటి దగ్గర పెట్టాడు. "మీ వియ్యంకుడి గురించి ఒక సరదా సంగతి చెప్పండి మేడం" అన్నాడు.

శివమ్మ చెప్పింది. సంబంధం మాట్లాడడానికి రజిని తండ్రి రాజలింగం మొదటిసారి ఈ ఇంటికి వచ్చిన రోజు గదిలో టీవీ నడుస్తోంది. వార్తలు చదివే ఆమె చేతులు జోడించి నమస్కారం అంది. రాజలింగం గబుక్కున కుర్చీలోంచి లేచాడు. భుజం మీది తువ్వాలు తీసి చంకలో పెట్టుకున్నాడు. ఒంగి టీవీకి నమస్కారం పెట్టాడు.

హాలు హాలంతా గొల్లుమంది. శశికిరణ్ కుర్చీలో కూర్చుని, లేచి, తన టై తీసి చంకలో పెట్టుకుని అచ్చం అలాగే చేసి, "రాజలింగం గారూ... నమస్కారం!" అన్నాడు. ఆ ముక్కను కత్తిరించి కెరటం టీవీ వాళ్లు పొద్దున భక్తి పాటల నుంచి సాయంత్రం సీరియళ్ల దాకా, ఏ రెండు కార్యక్రమాల మధ్య సందు దొరికినా వేస్తున్నారు.

"నేనేమన్న అబద్ధం జెప్పిన్నా?" అంది శివమ్మ చివరికి. "జరిగిందే జెప్పిన. అందరు నవ్విండ్రు. నువ్వు గూడ నవ్వినవ్ గాడ, నా పక్కన కూసోని."

రజిని ముఖం కందిపోయింది. "కెమెరా తెచ్చి నా మొఖం మీద పెట్టిండ్రు. ఏడ్వాల్నా?"

"మరి నన్నెందుకు అంటున్నవ్?"

"రజినీ, పోనియ్యరాదు," అన్నాడు నరేందర్ పేపరు వెనకనుంచే. "ఇంకో వారమైతే జనం మర్చిపోతరు."

"మీ నాయిన పేరు పట్టుకొని బజార్ల నవ్వుతుంటే గూడ ఇట్లనే అంటవా నరేందర్?"

అతను పేపరు మడిచి పక్కన పెట్టాడు. మళ్లీ విప్పాడు.

రాజలింగం యూనివర్సిటీ లైబ్రరీలో అటెండర్. అటెండర్ బిడ్డ ఎం.ఏ. చదివి, తోటి విద్యార్థి నరేందర్‌ను ప్రేమించి ఈ ఇంటికి కోడలుగా వచ్చింది. ఇప్పుడు అదే యూనివర్సిటీలో పరిశోధన చేస్తోంది. మామ లక్ష్మీనర్సయ్య బతికున్నన్నాళ్లు 'అటెండర్ బిడ్డ' అన్న మాట ఎవరూ ఎత్తలేదు. లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో పనిచేసిన మనిషి, వియ్యంకుణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని అన్నం తినేవాడు. ఆయన పోయాక కూడా శివమ్మ ఎన్నడూ తూలనాడలేదు. అందుకే రజినికి ఇంత మంట. కోపంతో అని ఉంటే ఈపాటికి మర్చిపోయేది. చప్పట్ల కోసం అన్నది.

"ఆదివారం ఫైనల్ షూటింగ్ ఉన్నది," అంది శివమ్మ. "కామాక్షి మేడం పొద్దున గూడ ఫోన్ చేసింది. వస్తవా, రావా?"

"రాను."

"నీ ఇష్టం. కోడలు భయపడ్డదని చెప్త."

ఆ మాటలో పౌరుషం ఉంది. పోటీ మొదలైనప్పటి నుంచి శివమ్మ నడకే మారిపోయింది. భర్త పోయాక పేరంటాలకు పిలవడం మానేసినవాళ్లు ఇప్పుడు గేటు దగ్గర ఆగి పలకరిస్తున్నారు. కూరగాయల బండి మనిషి ఆమె కోసం లేత బెండకాయలు పక్కన పెడుతోంది. రజినికీ ఆ రుచి తెలియకపోలేదు. మొదటి భాగం వచ్చిన మర్నాడు సిటీ బస్సులో కండక్టర్ తనను గుర్తుపట్టి ఆడవాళ్ల సీటు ఖాళీ చేయిస్తే, దిగాల్సిన స్టాపు ఇంకాసేపు రాకుంటే బాగుండుననుకుంది. ఆ సంగతి గుర్తొచ్చినప్పుడల్లా ఇప్పుడు ఒళ్లు మండుతోంది.

మర్నాడు తార్నాక గేటు నుంచి క్యాంపస్‌లోకి నడుస్తుంటే నవత ఎదురైంది. లేడీస్ హాస్టల్లో ఉంటుంది, ఎం.ఏ. మొదటి సంవత్సరం.

"అక్కా, ఆదివారం ఫైనల్‌కు వస్తవ్ గదా? హాస్టల్ల అందరు అడుగుతున్నరు."

"మీకు వేరే పని లేదా?"

"గట్లంటే ఎట్ల? మీ పోటీ వచ్చే టైముకు టీవీ రూముల నిల్సుండ జాగ ఉండదు. మెస్సుల ప్లేట్లు పట్టుకొని వస్తరు."

"ఏమున్నదే అంతగనం చూడనీకి?"

నవత కాస్త సిగ్గుపడింది. "సిన్మాల ఏడిస్తే అది యాక్టింగ్ అని తెలుసు గదక్కా. గీడ నిజంగ కోపమొస్తదేమో, నిజంగ కొట్టుకుంటరేమో అని చూస్తరు. ఆళ్లు మన లెక్కనే ఉంటరు. మన ఇంట్ల కాదు గదా అని మంచిగ అనిపిస్తది." ఆ మాట అన్నాక నాలిక కరుచుకుంది. "నిన్ను కాదక్కా."

రజిని లైబ్రరీ వైపు నడిచింది.

కొన్నాళ్లుగా సెలవు పెట్టి వారాసిగూడ గదిలోంచి బయటికి రాని రాజలింగం ఆ రోజే డ్యూటీకి వచ్చాడు. ఖాకీ చొక్కాకు మెడదాకా గుండీలు పెట్టుకుని మెట్ల దగ్గర స్టూలు మీద కూర్చున్నాడు. లోపలికి వెళ్లేవాళ్ల సంచులు తీసుకుని టోకెన్ ఇవ్వడం అతని పని. రజిని దూరం నుంచే చూసింది. పలకరిద్దామని అడుగు వేసేలోపల కుర్రాళ్ల గుంపొకటి ఆమెకు అడ్డంగా మెట్లెక్కింది.

ముందున్నవాడు ఆగి, రెండు చేతులూ జోడించి, గొంతు సాగదీశాడు.

"రాజలింగం గారూ... నమస్కారం!"

రాజలింగం చేతులు పైకి లేచాయి. ఒక చేతిలో టోకెన్ ఉంది. టోకెన్‌తో సహా రెండు చేతులూ కలిశాయి. తల కొద్దిగా వంగింది.

కుర్రాళ్లు విరగబడి నవ్వారు. రెండోవాడు ముందుకొచ్చి అదే మాట అన్నాడు. ఎందుకంటున్నారో రాజలింగానికి తెలుసు. అయినా చేతులు మళ్లీ లేచాయి.

వాళ్లు లోపలికి పోయాక రజిని వచ్చి స్టూలు పక్కన నిలబడింది.

"నాయినా, ఎందుకు పెడ్తున్నవ్? నవ్వనీకే చేస్తున్నరు వాళ్లు."

"ఎరికే బిడ్డా."

"మరి?"

"ఎదురుంగ మనిషి చేతులు జోడిస్తే నా చేతులు ఆగయి. ఆపుదామనే చూస్తున్న. ఆగుత లేవు." అతను చేతులను తొడల కింద పెట్టుకున్నాడు. "లోపట పుస్తకాల రాకుల కాడ డ్యూటీ ఇయ్యమని సార్‌ను అడిగిన. ఎవరికి కానరాకుంట ఉంటే చాలు."

ముప్పై ఏళ్లు ఆ మెట్ల దగ్గర తల ఎత్తుకుని కూర్చున్న మనిషి. అతను ఎవరికీ కనపడకుండా ఉండాలనుకుంటున్నాడు.

"అత్తను ఏమనకు," అన్నాడు రాజలింగం. "ఆమె మనసుల ఏం పెట్టుకోని అనలే."

రజిని ఆ మాట విన్నది గానీ లోపలికి పోనివ్వలేదు. అక్కణ్ణుంచి తిన్నగా తార్నాక చౌరస్తాలోని ఎస్టీడీ బూత్‌కు నడిచింది. కెరటం టీవీకి ఫోన్ కలిపి, కామాక్షి మేడం కావాలంది.

"ఆదివారం వస్తున్నం," అంది. "ఇద్దరం."

ఆదివారం షూటింగ్ క్యాంపస్‌లోని ఆడిటోరియంలోనే. విద్యార్థులు వస్తే నవ్వులు బాగా పడతాయని ఛానెల్ వాళ్లు దాన్ని అద్దెకు తీసుకున్నారు. ప్రొడ్యూసర్ కామాక్షి రజినిని తెర వెనక చిన్న గదిలోకి తీసుకెళ్లి తలుపు దగ్గరికి వేసింది. నలభై ఏళ్ల మనిషి, నూలు చీర, మెత్తని గొంతు. ఆమెతో మాట్లాడుతుంటే సొంత అక్కతో మాట్లాడినట్టుండేది. అదే ఆమె పనితనం.

"చివరి రౌండ్లో మీరు అత్తగారిలా నటించాలి, ఆవిడ మీలా నటించాలి," అంది కామాక్షి. "ఏం చేస్తారో ఒకరికొకరు ముందు చెప్పుకోకండి. తెలిసిపోతే మొహంలో ఏమీ పలకదు."

"మా నాయిన మీద ఏస్తున్నది తీసేయాలె."

"తీసేస్తానండి. నాకూ బాధగానే ఉంది. కానీ జనం దానికి అలవాటుపడ్డారు. ఊరికే తీసేస్తే ఛానెల్లో ఒప్పుకోరు." కామాక్షి ఆమె చేతిమీద చెయ్యి వేసింది. "దాని స్థానంలో వేసుకోవడానికి ఇంకొకటి ఉంటే..."

"ఉన్నది," అంది రజిని.

కామాక్షి ఏమిటని అడగలేదు. ఆమె కళ్లు మాత్రం చిన్నగా మెరిశాయి.

రజిని దగ్గరున్నది శివమ్మ కన్న కొడుక్కి కూడా తెలియని సంగతి. మెట్ల కింద లక్ష్మీనర్సయ్య పాత స్కూటర్ ఉంది. ఆయన పోయినప్పటి నుంచి నడవలేదు. ఆదివారం మధ్యాహ్నం నరేందర్ నిద్రపోయాక శివమ్మ దాని మీది గుడ్డ తీస్తుంది. చీర కుచ్చిళ్లు సర్దుకుని వెనక సీటు మీద ఒక పక్కగా కూర్చుంటుంది. ఒళ్లో హ్యాండ్‌బ్యాగు పెట్టుకుంటుంది. కాసేపటికి పెదవులు కదులుతాయి. ఒకసారి వంటింటి కిటికీలోంచి చూసి రజిని చప్పున వెనక్కి తగ్గింది. ఆ తర్వాత ప్రతి ఆదివారం ఆ వేళకు తనే కిటికీ రెక్క మూసేది. అత్త కోసం ఆమె చేసిన పనుల్లో అత్తకు తెలియనిది అదొక్కటే.

హాలు కిక్కిరిసింది. ముందు వరసలో నరేందర్. వెనక హాస్టల్ అమ్మాయిలు, తార్నాక ఆడవాళ్లు. ఫైనల్లో ఎదుటి జంట అంబర్‌పేట్ అత్తాకోడళ్లు. పాటలు పాడి, డప్పు కొట్టి అదరగొట్టారు.

ముందు శివమ్మ వంతు వచ్చింది. కొత్త చీర కట్టుకున్న ఆమె రజినిలా కుర్చీలో కూర్చుని, పుస్తకం మొహానికి అడ్డం పెట్టుకుని, "పాలు పొంగుతున్నయా? పొంగనియ్యి, ఈ పేజీ అయిపోనియ్యి" అంది. జనం నవ్వారు. పుస్తకం దించి ఆమె తనలా తాను మాట్లాడింది.

"పాలు పొంగితే పొంగనియ్యి సార్. నా కోడలు డాక్టర్ రజిని అయితది. వాళ్ల నాయిన పనిచేసే లైబ్రరీల ఆమె రాసిన పుస్తకం పెడ్తరు. గాయన ముందు నేను చేతులు జోడించి నిలబడుత."

చప్పట్లు మోగాయి. శివమ్మ కోడలి వైపు చూసింది. క్షమాపణ అడగడం రాని మనిషి తనకు వచ్చిన తీరులో అడిగింది. రజినికి అర్థమైంది. లోపల ఏదో సడలింది. వేరే ఏదైనా చేద్దాం, ఆమె పూజలు, ఆమె బేరాలు, ఏదైనా సరే అనుకుంది.

సరిగ్గా అప్పుడే శశికిరణ్ వేదిక మధ్యకు దూకాడు. "అత్తగారి మనసు వెన్న! మరి ఈ మాట విని ఎవరు లేచి నిలబడాలి?"

హాలు మొత్తం ఒక్క గొంతుతో అరిచింది. "రాజలింగం గారూ... నమస్కారం!"

అరిచినవాళ్లలో నవత కూడా ఉంది. శివమ్మ పెదవుల మీద కూడా, అలవాటుగా, ఒక చిరునవ్వు మెదిలింది.

రజిని రెండు కుర్చీలు తెప్పించింది. ఒకదాని వెనక ఒకటి వేయించింది. వెనక కుర్చీలో ఒక పక్కగా కూర్చుంది. కుచ్చిళ్లు సర్దుకుంది. ఒళ్లో హ్యాండ్‌బ్యాగు పెట్టుకుని, ఖాళీగా ఉన్న ముందు కుర్చీ వైపు చెయ్యి చాచి, లేని భుజం మీద వేసింది.

హాలు నిశ్శబ్దమైంది.

"జర మెల్లగ పో," అంది శివమ్మ గొంతుతో. "గుంతలున్నయ్."

ఎవరో కిసుక్కుమన్నారు.

"లాలాగూడ దిక్కు వద్దు, రైలు గేటు పడ్డది. హారన్ కొట్టు. నీకెన్నిసార్లు చెప్పాలె?"

నవ్వులు పెరిగాయి. నిజానికి శివమ్మ ఏమంటుందో రజిని ఏనాడూ వినలేదు. పెదవులు కదలడమే చూసింది. ఆ మాటలన్నీ రజిని అప్పటికప్పుడు అల్లినవి. అల్లుతున్నకొద్దీ మాటలు వాటంతటవే వస్తున్నాయి. నవ్వు అలల్లా వచ్చి మీద పడుతుంటే, ఆగాలని ఉన్నా ఆగబుద్ధి కాలేదు.

"ఎవరితో మాట్లాడుతున్నారు మేడం?" అన్నాడు శశికిరణ్.

"మా మామయ్యతోని. ప్రతి ఆదివారం మెట్ల కింద స్కూటర్ ఎక్కి మా అత్తమ్మ ఊరంతా తిరిగొస్తది. స్కూటర్ నడవదు. నడిపే మనిషి లేడు. అయినా మా అత్తమ్మకు పెట్రోల్ ఖర్చు లేదు."

ఆడిటోరియం దద్దరిల్లింది. శశికిరణ్ పరుగెత్తుకొచ్చి ముందు కుర్చీలో కూర్చున్నాడు. నోటితో స్కూటర్ చప్పుడు చేస్తూ, మెడ వెనక్కి తిప్పి, "శివమ్మా! ఎక్కడికి పోదాం?" అన్నాడు.

జనం కుర్చీల మీద కొట్టి నవ్వారు. రజిని కూడా నవ్వుతూ అత్త వైపు తిరిగింది.

శివమ్మ రజినిని చూడడం లేదు. ముందు కుర్చీలో కూర్చున్న శశికిరణ్ వీపునే చూస్తోంది. కెమెరా ఒకటి ఆమె ముఖానికి జానెడు దూరంలోకి వచ్చింది. ఆమె మెల్లగా నడిచి వచ్చి అతని ముందు నిలబడింది.

"లెవ్వు," అంది.

ఇది కూడా ఆటలో భాగమే అనుకున్నాడు అతను. "ఎక్కండి మేడం, ఎక్కండి. మీకోసమే ఆగాను."

"లెవ్వు బిడ్డా. గాడ కూసోకు."

ఆ మాటకు ఇంకా ఎక్కువ నవ్వారు. ముందు వరసలో నరేందర్ లేచి, ఎవరి వైపూ చూడకుండా బయటికి వెళ్లిపోయాడు.

వాళ్లే గెలిచారు. రంగు కాగితాలు మీద రాలాయి. బహుమతిగా ఇచ్చిన వాషింగ్ మెషీన్ పక్కన ఇద్దరినీ నిలబెట్టి ఫొటోలు తీశారు. కామాక్షి రజిని చెయ్యి పట్టుకుని చెవిలో, "మాటంటే మాటేనండి. రేపటి నుంచి మీ నాన్నగారిది రాదు" అంది.

నిజంగానే రాలేదు. దాని స్థానంలో, "శివమ్మా! ఎక్కడికి పోదాం?" వచ్చింది.

తార్నాక చౌరస్తాలో ఆటోవాళ్లకు ఆ మాట ఎంతో అనువుగా దొరికింది. కూరగాయలకని వెళ్లిన శివమ్మను చూసి ఒకడు ఆటో పక్కకు తెచ్చి మరీ అడిగాడు. ఆమె ఖాళీ సంచితో వెనక్కి వచ్చేసింది. తర్వాత గడప దాటలేదు. ఎదురింటి ఆడవాళ్లు ఏదో వంకన వచ్చి, మాట్లాడుతున్నంతసేపూ మెట్ల కిందికే చూసి పోయారు. శివమ్మ వాళ్లకు టీ ఇచ్చింది. కోడలితో మాత్రం ఒక్క మాట లేదు. తిట్టలేదు, ఏడవలేదు.

రజినికి మొదట్లో కసి తీరింది. లైబ్రరీ మెట్ల మీద ఇప్పుడెవరూ చేతులు జోడించడం లేదు. ఆ తృప్తితో ఇంటికి వస్తే, ఇల్లు ఆ తృప్తిని గడప దగ్గరే గుంజుకునేది.

"స్కూటర్ సంగతి నాకెందుకు చెప్పలే?" అన్నాడు నరేందర్ ఒక సాయంత్రం. "కొడుకుని. నాకు చెప్పలే, ఊరికి చెప్పినవ్."

"మా నాయినను అంటుంటే నీ నోరు లేవలే. మీ అమ్మనంటే లేచిందా?"

"పగ తీర్చుకున్నవ్. ఇగ సాలా?"

సాలో కాదో ఆమెకే తెలియదు.

రాజలింగం వచ్చింది మర్నాడు, డ్యూటీ మధ్యలో. ఖాకీ చొక్కాతోనే వచ్చాడు. ఆనందంగా ఎదురెళ్లిన కూతురు ఇచ్చిన మంచినీళ్లు తీసుకోలేదు. లోపలి గది గుమ్మం దగ్గర నిలబడ్డాడు. శివమ్మ మంచం మీద లేచి కూర్చుని కొంగు సర్దుకుంది.

"చెల్లే," అన్నాడు. "నా బిడ్డ తప్పు జేసింది."

"నాయినా, నేను నీకోసమే..."

"నువ్వు ఊకో. నిన్ను గిట్ల జెయ్యమని అడిగిన్నా?" అతను గొంతు పెంచలేదు. "నన్ను జూసి నవ్విండ్రు. నేను బతికున్నోణ్ణి, ఓర్సుకుంట. బావ ఏం జేసిండు నీకు? పక్కన కూసోబెట్టుకొని నాకు బువ్వ పెట్టిన మనిషి. సచ్చిపోయినోణ్ణి తెచ్చి బజార్ల ఆడించినవ్."

రజిని గోడకు ఆనుకుంది. ఎవరి కోసం ఆ పగను కత్తిలా పట్టుకుందో ఆ మనిషే తప్పన్నాక, అది ఇప్పుడు తన చేతిలోనే మిగిలిపోయింది.

"కూసో అన్నా," అంది శివమ్మ. చాలా రోజుల తర్వాత ఆ ఇంట్లో వినపడిన ఆమె గొంతు అది. "మొదలు నేనే పెట్టిన. నిన్ను నగుబాటు జేసిన. నువ్వు నా ఇంటికొచ్చి నన్ను మన్నించమంటున్నవ్. నాకు తల కొట్టేసినట్టున్నది."

ఇద్దరూ టీ తాగారు. ఎక్కువ మాట్లాడుకోలేదు. పోయేటప్పుడు శివమ్మ గేటు దాకా వెళ్లి సాగనంపింది. రజినికి ప్రాణం లేచివచ్చింది. అంతా చల్లబడుతుందనుకుంది. కాళ్లమీద పడి మన్నించమని అడగాలనుకుంది. శివమ్మ గేటు గడియ పెట్టి లోపలికి వచ్చేసరికి రజిని గుమ్మంలో నిలబడి ఉంది.

"అత్తమ్మా..."

"అడ్డం లెవ్వు."

ఆ సాయంత్రం ఫోన్ మోగింది. ఆఫీసు నుంచి అప్పుడే వచ్చి చెప్పులు విడుస్తున్న నరేందర్ ఎత్తబోయాడు గానీ రజిని ముందు ఎత్తింది. కామాక్షి మెత్తని గొంతు.

"రజిని గారూ, మీ భాగానికి వచ్చినన్ని ఫోన్లు ఇంతవరకు దేనికీ రాలేదండి. వచ్చే నెల ఒక ప్రత్యేక కార్యక్రమం చేస్తున్నాం. ఈసారి రికార్డింగ్ కాదు, లైవ్. అత్తగారు జవాబివ్వాలని జనం ఒకటే గోల. ఆవిణ్ణి ఎలాగైనా ఒప్పించాలి మీరు."

"మేం రాము మేడం. ఇగ మాకు ఫోన్ చె..."

రిసీవర్ చేతిలోంచి జారినట్టనిపించింది. జారలేదు. శివమ్మ తీసుకుంది.

"నేను శివమ్మను. వస్తం. ఇద్దరం వస్తం." అవతలి మాట వింటూ ఆమె కోడలి కళ్లలోకి సూటిగా చూసింది. ఫైనల్ తర్వాత అలా చూడడం అదే మొదటిసారి. "నన్ను జూసి నవ్వుమను, నేను పడ్త. నా పెనిమిటి కుర్సీల ఎవణ్ణో కూసోబెట్టింది మేడం. గది నేను మర్సిపోను. ఆఁ, ఉన్నది. కోడలిది ఒక ముచ్చట ఉన్నది. ఇప్పుడు జెప్ప. గాడనే చెప్త."

రజిని నరేందర్ వైపు చూసింది.

అది ఏ ముచ్చటో ఆమెకు తెలుసు. మామ పోయిన ఏడాది, పరిశోధనకు సీటు వచ్చిన కొత్తలో, నెల తప్పిందని తెలిసి ఆమె ఏడ్చిన ఏడుపు విన్నది శివమ్మ ఒక్కతే. ఇప్పుడే పిల్లలు వద్దు, కడుపు తీయించుకుంటానంటే ఆస్పత్రికి వెంట వచ్చింది శివమ్మే. ఇంటికి తీసుకొచ్చాక జావ కాచి తాగించి, కొడుకుతో జ్వరమని చెప్పింది. "నా నోట్లెకెల్లి ఈ మాట బయటికి రాదు బిడ్డా" అని తల నిమిరింది. పిల్లల కోసం ఎదురుచూస్తున్న నరేందర్‌కు ఈ రోజు దాకా ఆ సంగతి తెలియదు.

శివమ్మ ఫోన్ పెట్టేసింది.

నరేందర్ ఒకరి తర్వాత ఒకరిగా ఇద్దరి ముఖాలూ చూశాడు.

"ఏం ముచ్చటమ్మా?" అన్నాడు.

శివమ్మ లోపలి గదిలోకి నడుస్తూ, వెనక్కి తిరక్కుండానే చెప్పింది.

"టీవీల చూద్దువు గని బిడ్డా."